డీజిల్ ఫిల్టర్ మార్చకుండానే బిల్లు వేశారు: జనరేటర్ ఏఎంసీపై ఫిర్యాదు

సర్వీస్ మేనేజర్ గారికి,

భీమవరం దగ్గర మా రొయ్యల చెరువుల గట్టు మీదున్న 62.5 కేవీఏ జనరేటర్‌కి మీ దగ్గరే ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్ట్), ఏడాది డబ్బు ముందే కట్టేశాం. గత నెల 12న మీ మెకానిక్ వచ్చి ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్ అన్నీ మార్చానని రిపోర్ట్ రాసి, నేను మేత కోసం ఊళ్లోకి వెళ్లిన టైంలో మా కాపలా కుర్రాడి చేత సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. సామాన్లకు బిల్లు వేరే.

మొన్న శుక్రవారం రాత్రి రెండున్నరకి కరెంటు పోయింది. సెల్ఫ్ కొట్టగానే ఇంజిన్ అందుకుంది, హమ్మయ్య అనుకున్నాం. చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఒక్కొక్కటే వేస్తుంటే ఇంజిన్ వేగం (ఆర్‌పీఎం) పడటం, లేవడం, మళ్లీ పడటం, చివరికి ఆగిపోయింది. లోడ్ లేకపోతే నడుస్తుంది, లోడ్ పెడితే చస్తుంది. తెల్లవారుజామునే నీళ్లలో ఆక్సిజన్ బాగా తక్కువుంటుంది, రొయ్య పైకి తేలడం మొదలైంది. మీ ఎమర్జెన్సీ నంబర్‌కి ఏడుసార్లు చేస్తే ఒక్కరూ ఎత్తలేదు. ఆక్సిజన్ మాత్రలు చల్లుకుంటూ, పక్క రైతుని నిద్ర లేపి ఆయన ట్రాక్టర్‌కి తగిలించే ఆల్టర్నేటర్ తెచ్చుకునేసరికి ఒక చెరువులో జరగాల్సిన నష్టం జరిగిపోయింది.

తెల్లారాక బయటి మెకానిక్ డీజిల్ ఫిల్టర్ విప్పితే, దాని మీద నేను మార్కర్‌తో రాసుకున్న ఫిబ్రవరి 3 తేదీ అలాగే ఉంది! లోపలంతా జిడ్డు, అడుగున నీళ్లు. కొత్త ఫిల్టర్ వేశాక నడిచింది. డీజిల్ ఇంజిన్‌లో కొత్త ఆయిలైనా తొందరగానే నల్లబడుతుంది కాబట్టి ఆయిల్ మార్చలేదని గట్టిగా అనలేను. కానీ రిపోర్ట్‌లో ఇంజిన్ నడిచిన గంటలు చూపే అవర్ మీటర్ 1,840 అని రాశారు, ఈ రోజు మీటర్ చూస్తే 1,790. గంటలు వెనక్కి నడిచాయా? అసలు మీటర్ వైపు చూడకుండానే రాశారు కదా.

సామాన్ల బిల్లు, బయటి మెకానిక్‌కి ఇచ్చిన డబ్బు వెనక్కి ఇవ్వండి. ఈ వారంలోపే వేరే మనిషిని పంపి నేను దగ్గరుండగా పూర్తి సర్వీస్ చేయించండి, తీసిన పాత ఫిల్టర్లు నాకే ఇవ్వాలి. రొయ్యల నష్టం సంగతి చెరువులో రొయ్యలు పట్టడం అయ్యాక లెక్కేసి పంపుతాను. జవాబు రాకపోతే వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను.

రిపోర్ట్, బిల్లు, మీటర్ ఫొటోలు జత చేశాను. ఆ పాత ఫిల్టర్ మాత్రం పంపట్లేదు, నా దగ్గరే ఉంచుకున్నాను.

ఇట్లు,
మీ ఏఎంసీ కస్టమర్