మా అంగన్వాడీ సెంటర్లో గడిపే గంటలు ప్రాక్టికల్స్ కిందికి ఎందుకు రావు మంత్రి గారూ?

మహిళా, శిశు సంక్షేమం చూస్తున్న మంత్రి గారికి,

నమస్కారం. ఈ ఉత్తరం తెలుగులో ఉన్నందుకు ఏమీ అనుకోవద్దు. కన్నడలో రాసిన అర్జీలు ఇదివరకే ఇచ్చాను. అన్నిటి మీదా ముద్రలు పడ్డాయి. ముద్ర పడ్డాక అవి ఎటు వెళ్లాయో వేసినవాళ్లకే తెలియదట. అందుకే ఈసారి నలుగురూ చదివేలా, నాకు తడుముకోకుండా వచ్చే భాషలో రాస్తున్నాను. బెంగళూరులో తెలుగు చదివేవాళ్లకి కొదవ లేదు. మీ ఆఫీసులోనూ ఒకరిద్దరు ఉండే ఉంటారు, చదివి వినిపిస్తారు.

నేను తూర్పు బెంగళూరులో ఒక అంగన్వాడీలో సహాయకురాలిని. పిల్లలకి ఆంటీని, వాళ్ల అమ్మానాన్నలకి ఆయమ్మని. మాది మదనపల్లె వైపు. పెళ్లయ్యాక కె.ఆర్.పురం వచ్చి ఇక్కడే ఉండిపోయాం. ఇంటర్ పాసయ్యాను. ఇప్పుడు ఈ పని చేసుకుంటూనే శిశు సంరక్షణ, పూర్వ ప్రాథమిక విద్యలో డిప్లొమా చదువుతున్నాను.

ఎందుకు చేరానంటే, ఐదేళ్లు చేసిన సహాయకురాలికి చదువు అర్హత ఉంటే కార్యకర్త పోస్టు, అంటే సెంటర్ టీచర్ పోస్టు, ప్రమోషన్ మీద రావచ్చని, సగం పోస్టులు అలాగే నింపాలని అంగన్వాడీల మీద కేంద్రం ఇచ్చిన 2022 మార్గదర్శకాల్లో ఉంది. అవి మీకు నేను చెప్పాల్సినవి కావు. దానికి తోడు మన ఊళ్లోనే సెంటర్లని ప్రభుత్వ మాంటిస్సోరీలుగా మారుస్తున్నారు. "రేపు ఎల్‌కేజీ, యూకేజీ అంటారు, డిప్లొమా ఒకటి చేతిలో ఉంచుకోమ్మా" అని ఒక సూపర్‌వైజర్ మేడమ్ నా మంచికే చెప్పారు. ఆమె మాట విని చేరాను.

ఫీజు గురించి ఏడవను. కేంద్రం సహాయకురాలికి ఖరారు చేసిన గౌరవ వేతనం 2018 అక్టోబరు నుంచి నెలకి 2,250 రూపాయల దగ్గరే ఉంది. రాష్ట్రం కలిపేది కలిపినా ఈ ఊళ్లో ఇంటి అద్దెకి ఏ మూలకి వస్తుందో మీకు తెలుసు. ఆ సంగతి ధర్నాలు చేసే ఫ్రీడమ్ పార్కులో ఎండలో కూర్చుని మావాళ్లు చాలాసార్లు చెప్పారు. నేను అడిగేది డబ్బు కాదు. నా గొడవంతా ప్రాక్టికల్స్ గురించి.

డిప్లొమా రావాలంటే పుస్తకాలు చదివి పరీక్ష రాస్తే సరిపోదు. చిన్నపిల్లల మధ్య కొన్ని గంటలు పనిచెయ్యాలి, వాళ్లని గమనించాలి, ఆటలు ఆడించాలి, అవన్నీ రికార్డులో రాసి సంతకం చేయించాలి. మీరు పనిచేసే చోటే చెయ్యొచ్చు, కాకపోతే అక్కడ పిల్లలకి నేర్పిస్తున్నట్టు ఆఫీసు నుంచి సర్టిఫికెట్ తేవాలి అని మా శిక్షణ కేంద్రం వాళ్లు అన్నారు. న్యాయమైన మాటే. సర్టిఫికెట్ కోసం మా శాఖ ఆఫీసుకి వెళ్లాను. "సహాయకురాలి డ్యూటీ చార్టులో నేర్పించడం లేదమ్మా. వండటం ఉంది, ఊడవడం ఉంది, పిల్లల్ని ఇంటి నుంచి పిలుచుకు రావడం ఉంది. లేనిది ఉన్నట్టు ఎలా రాసిస్తాం?" అన్నారు. మరి నేనేం చెయ్యాలి సార్ అని అడిగితే, "నోడోణ", చూద్దాం, అన్నారు. ఇప్పటికీ చూస్తూనే ఉన్నారు.

తిరిగొచ్చి శిక్షణ కేంద్రంలో చెప్పాను. అయితే వేరే ప్రీస్కూల్లో చెయ్యండి, పొద్దున్న తొమ్మిదిన్నర నుంచి మధ్యాహ్నం దాకా అన్నారు. ఆ వేళకి నేను ఎక్కడ ఉండాలో మీరే చెప్పండి. పిల్లల మధ్య ఎలా ఉండాలో నేర్చుకోవడానికి, నేను రోజూ చూసే పిల్లల్ని వదిలేసి, ఉన్న కాస్త సెలవులు అరగదీసి, అవి చాలకపోతే డబ్బు కోయించుకుని, ఇంకెవరి పిల్లల మధ్యో వెళ్లి కూర్చోవాలి! అదీ ఊరికే కాదు. ప్రాక్టికల్స్‌కి చోటిస్తామన్న ప్రైవేటు స్కూలు వాళ్లు దానికో ఫీజు చెప్పారు.

ఆ డ్యూటీ చార్టు రాసినవాళ్లు ఒక్క రోజు మా సెంటర్లో కూర్చుంటే బాగుండును. టీచర్ ఓటర్ల జాబితా పట్టుకుని ఇంటింటికీ తిరిగే రోజుల్లో పిల్లలు ఎవరి దగ్గర ఉంటారు? మీటింగ్‌కి రమ్మని ఆఫీసు నుంచి ఫోనొచ్చి ఆమె ఉన్నపళంగా బయల్దేరితే? సెంటర్లోనే ఉన్నా, పోషణ్ ట్రాకర్ అనే ఫోను యాప్ తల్లి ముఖాన్ని గుర్తుపట్టక, వెలుతురు కోసం ఆమెని గుమ్మంలో ఒకసారి, వీధిలో ఒకసారి నిలబెట్టి ఫొటోలు తీస్తున్నంతసేపూ లోపల ఎవరుంటారు? నేను ఉంటాను. పొయ్యి మీద పప్పు ఉంటుంది, చుట్టూ పిల్లలు ఉంటారు. ఒకడు యాదగిరి నుంచి వచ్చిన కూలీల పిల్లవాడు, ఒకతె కర్నూలు వైపు పిల్ల, ఇంకొకడికి బెంగాలీ తప్ప ఏదీ రాదు. వాళ్లని చార్టు చూపించి ఊరుకోబెట్టలేను కదా.

అందుకని బియ్యంలో రాళ్లు ఏరుతూనే శనగలు లెక్కపెట్టిస్తాను. కోడిగుడ్లు పంచేటప్పుడు ఒక్కొక్కరి ముందు ఒక్కొక్కటి వాళ్ల చేతే పెట్టిస్తాను. ఎవరికి రాలేదో, ఎన్ని మిగిలాయో వాళ్లే చెప్పాలి. ఒకటికి ఒకటి జత కలపడం అని మా పుస్తకంలో దీనికి ఒక పాఠమే ఉంది. సంఖ్యలు నోటికి రాకముందే పిల్లలకి లెక్క తెలిసేది ఇలాగేనట. ఇంకో పాఠంలో, రెండు మూడేళ్ల పిల్లలు పక్కపక్కనే కూర్చుని ఎవరి ఆట వాళ్లు ఆడుకుంటారని, కలిసి ఆడటం ఆ తర్వాత వస్తుందని ఉంది. కర్నూలు పాప వచ్చిన కొత్తలో నోరు విప్పేది కాదు. ఎవరితోనూ చేరేది కాదు. పిల్లకి ఏదో లోపం ఉందని వాళ్ల నాయనమ్మ బెంగపెట్టుకుంది. నేను పాపని బెంగాలీ పిల్లవాడి పక్కన కూర్చోబెట్టి ఇద్దరికీ రెండు గిన్నెలు, కాసిని మూతలు ఇచ్చి ఊరుకున్నాను. కొన్నాళ్లు ఎవరి గిన్నె వాళ్లదే. తర్వాత మూతలు మార్చుకున్నారు. ఇప్పుడు ఇద్దరినీ విడదీస్తే ఏడుస్తారు. ఏ భాషలో మాట్లాడుకుంటారో మాత్రం నన్ను అడగకండి.

ఇది గమనించడం కాదా? ఇది రికార్డులో రాయదగ్గది కాదా? రాశాను కూడా, తేదీలు వేసి. కింద సంతకం చెయ్యడానికి మాత్రం ఎవరూ లేరు. మా టీచర్ చేస్తానన్నారు పాపం. ఆమె సంతకం చాలదట, పై ఆఫీసు ముద్ర కావాలట.

కుటుంబాలకి తోడుగా నిలవడం గురించి కూడా మాకు ఒక పేపర్ ఉంది. 2017 అక్టోబరు 2 నుంచి మాతృపూర్ణ పథకం కింద గర్భిణులకి, బాలింతలకి సెంటర్లోనే వేడి భోజనం పెడుతున్నాం. వండేది నేనే కాబట్టి ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో ముందు నాకే తెలుస్తుంది. ఒక కోడలు రాకపోతే ఇంటికి వెళ్లి, అత్తగారితో ఊరి సంగతులు మాట్లాడి, ఆవిడ నోటితోనే "పోయి తినిరా" అనిపించి తీసుకొచ్చాను. ఈ పని చార్టులో ఏ గడి కిందికి వస్తుంది? వంటా? ఊడవడమా?

2020 జాతీయ విద్యా విధానం మీరు చదివే ఉంటారు. పన్నెండో తరగతి, ఆ పైన చదివిన అంగన్వాడీ కార్యకర్తలకి ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకన్నా తక్కువ చదివినవాళ్లకి ఏడాది డిప్లొమా. డీటీహెచ్ ఛానెళ్లలో, స్మార్ట్‌ఫోన్లో పాఠాలు. చేస్తున్న పనికి వీలైనంత తక్కువ ఆటంకం. నెలకి కనీసం ఒక కాంటాక్ట్ క్లాసు. ఎంత చక్కగా రాశారు! చదివినప్పుడు నాకు కడుపు నిండింది. సహాయకురాలి పేరు అందులో లేదు, సరే. ఉన్నవాళ్లకైనా ఏం దక్కింది? 2023 మేలో 'పోషణ్ భీ పఢాయీ భీ' (పోషణతో పాటు చదువూ) అనే కార్యక్రమం వచ్చింది. అది మూడు రోజుల శిక్షణ. మూడు రోజులు చెడ్డవని అనను, ఆ ఆటల పుస్తకాలు బాగున్నాయి, నేనూ తిరగేశాను. కానీ టీచర్లు ఆ శిక్షణలో కూర్చున్న రోజుల్లో సెంటర్లలో పిల్లల్ని ఎవరు ఆడించారో కాస్త కనుక్కోండి. డ్యూటీ చార్టులో నేర్పించడం లేనివాళ్లే ఆడించి ఉంటారు.

మా పని అసలు ఉద్యోగమే కాదు, ఏదో సేవ అనే వాదన సుప్రీంకోర్టులో కూడా వినిపించారు. అది నిలబడలేదు. కార్యకర్తలకీ సహాయకులకీ గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని 2022 ఏప్రిల్లో తీర్పు వచ్చింది. సహాయకులకీ అని ఉంది, దయచేసి గమనించండి. ఢిల్లీలో కూర్చున్న జడ్జిలకి కనపడ్డ మనిషి, మా వీధి చివర ఉన్న ఆఫీసుకి కనపడకపోవడం ఏమిటో నాకు అంతుబట్టదు.

శనివారం క్లాసుల సంగతి కూడా చెప్పాలి. మా శిక్షణ కేంద్రంలో క్లాసులు శనివారం. అంగన్వాడీకి శనివారం సెలవు లేదు. ఆదివారం పెట్టమని అడిగితే, ఉద్యోగం చేసేవాళ్లు మీరు ముగ్గురో నలుగురో ఉన్నారు, మీకోసం మిగతావాళ్ల ఆదివారం పాడుచెయ్యలేం అన్నారు. క్లాసుకి వెళ్లిన రోజు నా రెండేళ్ల పాపని పక్కింటావిడ దగ్గర వదలాలి, ఆవిడకి ఓపిక ఉంటే. పాల్నా పథకం కింద అంగన్వాడీలోనే క్రెష్, అంటే పనికెళ్లే తల్లుల పసిపిల్లల్ని చూసుకునే చోటు, అన్నారు, మా చుట్టుపక్కల నాకైతే కనపడలేదు. యాభై మంది, అంతకు మించి ఉద్యోగులు ఉన్న కంపెనీలో క్రెష్ ఉండాలని, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డని చూసుకోవచ్చని 2017లో చట్టం సవరించారు. మంచిదే, బెళ్ళందూరు, వైట్‌ఫీల్డ్ అమ్మాయిలకి అది కావాలి. ఊరందరి పిల్లల్నీ చూసే మా పిల్లల్ని చూసే దిక్కు లేదంటే మాత్రం అందరూ నవ్వుతారు. ఆ కంపెనీ క్రెష్‌ల వాళ్లు డిప్లొమా ఉన్నవాళ్ల కోసం వెతుకుతున్నారు. నాకు తెలిసినవాళ్లు కొందరు సెంటర్ మానేసి అటు వెళ్లిపోయారు. వాళ్లని ఒక్క మాట అనను. నాకూ మనసు లాగుతుంది. కానీ నేను డిప్లొమా చేస్తున్నది ఈ సెంటర్లో టీచర్ కావడానికి, ఇక్కడి నుంచి పారిపోవడానికి కాదు.

కాబట్టి అయ్యా, అమ్మా, ఎవరు ఈ ఉత్తరం ముందుగా విప్పితే వాళ్లకి, దండం పెట్టి అడుగుతున్నాను. అంగన్వాడీలో పనిచేస్తూ చదువుకునేవాళ్లకి అదే అంగన్వాడీలో ప్రాక్టికల్స్ చెయ్యనివ్వండి. టీచర్ సంతకం చెల్లేలా చూడండి, లేదా ముద్ర వేసే ఆఫీసుకి వెయ్యమని ఒక మాట రాయండి. క్లాసు ఉన్న శనివారాలు డ్యూటీ కింద లెక్కవెయ్యండి. అదీ కాదంటే ప్రాక్టికల్స్ మా సెంటర్లోనే చెయ్యనివ్వండి, మళ్లీ అదే అడుగుతున్నాను, మిగతావి ఎలాగోలా నేను పడతాను.

ఇదేదీ కుదరదంటే ఇంకో దారి ఉంది. సహాయకురాలు పిల్లలకి ఏమీ నేర్పించకూడదని నాకు రాతపూర్వకంగా ఇప్పించండి. సెంటర్ గోడకి అంటిస్తాను. టీచర్ లేని రోజున పాట పాడించను, శనగలు లెక్కపెట్టించను, గిన్నెలు ఇవ్వను. పిల్లల్ని వరుసగా చాప మీద కూర్చోబెట్టి, ఆమె ఓటర్ల జాబితా ముగించుకుని వచ్చేదాకా మౌనంగా వంట చేసుకుంటాను. తనిఖీకి ఎవరైనా వస్తే చార్టు ప్రకారమే జరుగుతోందని చూపిస్తాను.

నా పేరు ఇక్కడ రాయడం లేదు, అర్జీల మీద ఉంది, వెతికిస్తే దొరుకుతుంది. ప్రాక్టికల్ రికార్డు వచ్చే నెలాఖరుకి ఇవ్వాలి. ఈలోగా ఆర్డరు వస్తే కోర్సు ఈ ఏడాదే పూర్తవుతుంది. రాకపోతే మళ్లీ ఫీజు కట్టి వచ్చే ఏడాది రాస్తాను. అప్పుడు మీకూ మళ్లీ రాస్తాను.

ఇట్లు,
ఒక అంగన్వాడీ సహాయకురాలు,
తూర్పు బెంగళూరు