సకినాల డబ్బా కింద పెట్టిన పుస్తకం

హనుమకొండ,
ఆదివారం రాత్రి.

చిన్నీ,

పార్సెల్ విప్పగానే నువ్వు సకినాల డబ్బానే వెతుక్కుంటావని తెలుసు. దాని కింద పాత పేపర్లో చుట్టిన పుస్తకం ఉంది చూడు. 'భూమి పుత్రిక'. ఏగ్నెస్ స్మెడ్లీ తన జీవితాన్నే కథగా రాసుకున్న నవల, ఓల్గా గారి అనువాదం. మెల్లగా తియ్యి. అట్ట ఊడిపోతే మైదా ఉడకేసి నేనే అంటించాను, మళ్లీ ఊడేలా ఉంది. మధ్యలో ఒక పేజీ మీద పసుపు మరక ఉంటుంది. నువ్వు కడుపులో ఉన్నప్పుడు ఒక చేత్తో పోపు వేయిస్తూ చదివినప్పటిది.

మొన్న నువ్వు ఫోన్లో ఏడ్చావు. కరపత్రం రాసింది నువ్వట, మీ సంఘం మీటింగులో దాన్ని చదివింది ఇంకొకరట, టీలు పట్టుకురమ్మన్నది మళ్లీ నిన్నేనట. ఇదేమిటని అడిగితే "వ్యక్తివాదం" అన్నారన్నావు. నేనేమో "పోనీలే, చదువు చూసుకో" అన్నాను. తల్లుల నోటికి అలవాటైన మాట అది. ఫోన్ పెట్టేశాక నాకే సిగ్గేసింది. ఆ మాటతోనే సరిపెట్టుకునేదాన్నయితే ఈ పుస్తకాన్ని ముప్పై ఏళ్లుగా తలాపున ఎందుకు పెట్టుకుంటాను? అందుకే ఈ పుస్తకం రాసినామె గురించి నాకు తెలిసింది రాస్తున్నాను. ఈమెని కూడా అదే మాట అన్నారు మరి.

ఏగ్నెస్ 1892లో అమెరికాలోని మిస్సోరీలో ఒక బీద రైతు ఇంట్లో పుట్టింది. తర్వాత వాళ్లు కొలరాడో బొగ్గు గనుల వైపు, ట్రినిడాడ్ అనే ఊరికి వలసపోయారు. తండ్రి ఎక్కడో పెద్ద సంపాదన దొరుకుతుందని మాటిమాటికీ ఇల్లొదిలి పోయేవాడు. తల్లి ఊళ్లోవాళ్ల బట్టలు ఉతికి పిల్లల్ని సాకింది. ఆ భాగం చదివిన రోజు నేను హాస్టల్ మెస్సుకి పోలేదు. మీ అమ్మమ్మ బీడీలు చుట్టేది కదా, ఎంత సబ్బు రుద్దినా ఆమె వేళ్లకి పొగాకు వాసన పోయేది కాదు. ఏడేళ్లప్పుడు ఒకసారి "నీ చేత్తో కలిపిన ముద్ద నాకొద్దు" అన్నాను. ఆమె ఏమీ అనకుండా గంటె తెచ్చి దాంతో కలిపి పెట్టింది. ఈ సంగతి నీకు ఇంతవరకూ చెప్పలేదు.

ఏగ్నెస్ బడి చదువు సరిగ్గా పూర్తి కాలేదు. అయినా పదహారేళ్లకే పరీక్ష పాసై న్యూమెక్సికోలో ఒక మారుమూల బడికి టీచరయింది. 1910లో తల్లి పోయింది. ఆ తర్వాత పెళ్లి, విడాకులు, కాలిఫోర్నియాలో సోషలిస్టని ఉద్యోగం పోవడం, ఇవన్నీ నవలలో ఉన్నాయి, నువ్వే చదువుకో. నేను చెప్పాలనుకున్నది న్యూయార్క్ నుంచి మొదలవుతుంది.

1917లో ఆమె అక్కడికి వెళ్లింది. లాలా లజపతిరాయ్ అప్పుడు ఆ ఊళ్లోనే ఉన్నాడు. ఆయన ఉపన్యాసం విని వెళ్లి కలిస్తే, ఆయనే కూర్చోబెట్టి ఆమెకి మన దేశ చరిత్ర చెప్పాడు. గనుల ఊళ్లో పెరిగిన పిల్లకి మన బానిసత్వం అర్థం కావడానికి పెద్ద కష్టమేమీ పడలేదనుకుంటాను. అక్కడి మన విప్లవకారులతో కలిసి పనిచేసింది. అది మొదటి ప్రపంచ యుద్ధం కాలం. ఇంగ్లండు అమెరికాకి దోస్తు, మనవాళ్లలో కొందరికి జర్మనీ నుంచి డబ్బు వచ్చేది. ఇంకేం, 1918లో గూఢచర్య చట్టం కింద అరెస్టు చేసి టూంబ్స్ జైల్లో పెట్టారు. కుటుంబ నియంత్రణ ప్రచారం చేసిందని ఇంకో కేసు కూడా అంటగట్టారు.

జైల్లో తనతో ఉన్న ఆడవాళ్ల గురించి ఆమె రాసిన చిన్న రచనలంటే నాకు మరీ ఇష్టం. కిట్టీ మారియన్ అని ఒకామె, కుటుంబ నియంత్రణ కరపత్రం ఇచ్చినందుకు జైలుకొచ్చింది. పొద్దున్నే గచ్చు కడిగే బకెట్ మోగించుకుంటూ వచ్చి, కుటుంబ నియంత్రణకి జేజేలు కొట్టి ఖైదీల్నీ కాపలా ఆడవాళ్లనీ పలకరించేదట. మాలీ స్టైమర్ అని ఇంకో పిల్ల, సుమారుగా నీ వయసే. రష్యా మీదికి అమెరికా సైన్యాన్ని పంపొద్దని కరపత్రాలు పంచినందుకు ఆమెకి పదిహేనేళ్ల శిక్ష వేశారు. దొంగతనం చేసి వచ్చినవాళ్లని కూడా ఇంతే ప్రేమగా రాసింది ఏగ్నెస్. ఎవరికీ నీతులు చెప్పలేదు.

బయటికొచ్చాక 1919లో 'భారత స్వాతంత్ర్య మిత్రులు' అనే సంఘానికి కార్యదర్శిగా ఉంది. గదర్ పార్టీ అని అక్కడున్న మన విప్లవకారుల్ని అమెరికా నుంచి వెళ్లగొడితే నేరుగా ఇంగ్లీషువాళ్ల చేతిలో పడతారు. అందుకని ఆ బహిష్కరణలు ఆపడానికి తిరగని చోటు లేదు.

1920 చివర్లో అమెరికా నుంచి బయల్దేరి బెర్లిన్ చేరింది. ఇక్కడే మన హైదరాబాద్ వస్తుంది. నాంపల్లి స్టేషన్ రోడ్డులో గోల్డెన్ థ్రెషోల్డ్ పక్కనుంచి పోతుంటావు కదా, సరోజినీ నాయుడు పేరు చెబుతారు. ఆమె తమ్ముడు వీరేంద్రనాథ్ చటోపాధ్యాయ. 1880లో హైదరాబాద్‌లోనే పుట్టాడు, అందరూ చట్టో అనేవారు. ఐరోపాలో మన విప్లవకారులకి అతనే పెద్ద దిక్కు. ఏగ్నెస్ అతనితో భార్యగా కొన్నేళ్లు ఉంది. ఇల్లేమో సత్రం. చేతిలో పైసా ఉండదు, వచ్చేపోయేవాళ్లకి లెక్కుండదు. వంటా ఆమే, టైపింగూ ఆమే.

ఒక కష్టమైన విషయం కూడా రాయాలి. ఉద్యమంలోనే ఉన్న ఒకడు తన మీద చేసిన బలాత్కారాన్ని ఆమె నవలలో పేర్లు మార్చి రాసింది. తర్వాత ఆ సంగతే పట్టుకుని ఆమెని చెడ్డదన్నారు. భర్త అనుమానం కూడా దానికి తోడైంది. దేశాల్ని విడిపిస్తామన్న మగవాళ్లు ఇంట్లో ఆడదాన్ని ఎలా చూశారో ఆమె దాచలేదు. అలాగని వాళ్ల ఉద్యమం తప్పని కూడా అనలేదు. ఈ రెండూ ఒకేచోట ఎలా పెట్టిందా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మనసు చెదిరి డాక్టర్ల చుట్టూ తిరిగి, చట్టో నుంచి విడిపోయి ఈ నవల రాసింది. 1929లో అచ్చయింది.

అప్పటికే ఆమె ఒక జర్మన్ పత్రికకి విలేకరిగా చైనా వెళ్లిపోయింది. మధ్యలో, 1933లో, రష్యాలో చట్టోని చివరిసారి చూసింది. చిక్కిపోయాడు, తల నెరిసింది, ఎప్పుడూ ఇండియాకి పోవాలన్న ధ్యాసేనని రాసింది. 1937లో స్టాలిన్ ప్రభుత్వం అతన్ని కాల్చి చంపింది. హైదరాబాద్ మళ్లీ చూడనే లేదు. ఎర్రజెండా గురించి మాట్లాడేటప్పుడు ఇది కూడా గుర్తుపెట్టుకో అని నీకు చెప్పాలనిపించింది, అంతే.

చైనాలో ఆమె పన్నెండేళ్లు ఉంది. 1937లో కమ్యూనిస్టుల కేంద్రం యెనాన్ చేరి, గుహల్లో ఎలుకల్ని చంపే ఉద్యమం నడిపింది. సేనాధిపతులకి డాన్స్ నేర్పితే వాళ్ల భార్యలకి ఒళ్లు మండింది. ఎర్రసైన్యం నాయకుడు జూ దే దగ్గరికి పోయి నీ జీవితం రాస్తానంది. ఎందుకని అడిగాడట. నువ్వు రైతువి కాబట్టి, చైనాలో పదిమందిలో ఎనిమిదిమంది రైతులే, ఒక్కరూ తమ కథ లోకానికి చెప్పలేదు కాబట్టి అంది. అతను తన తల్లి గురించి చెబుతుంటే ఈమె రాయడం ఆపేసింది. ఏమైందని అతను అడిగితే, నువ్వు మా అమ్మ గురించి చెబుతున్నట్టుంది అంది. ఆ తర్వాత ఇద్దరూ చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నారట. ఆ పుస్తకం ఆమె పోయాక 1956లో వచ్చింది. నేను అందులో ఈ చోటు దాటి ముందుకు పోవడానికి రెండు రోజులు పట్టింది.

ఇంత చేస్తే పార్టీలో చేర్చుకోమని అడిగినప్పుడు చైనా పార్టీ కాదంది. చెప్పినట్టు వినే మనిషి కాదు, తన దారి తనదే అని. ఆ రాత్రి చాలా ఏడ్చిందట. తెల్లారాక గాయపడ్డ సైనికులకి మందులు, డాక్టర్లు కావాలని ఉత్తరాలు రాసే పనిలో పడింది. నెహ్రూకి జూ దే రాశాడు, ఆమె కూడా రాసింది. 1938లో కాంగ్రెస్ పంపిన ఐదుగురు డాక్టర్లలో కోట్నీస్ ఒకడు. సోలాపూర్ వాడు. మనవైపు పద్మశాలీలు పోయి మగ్గాలేసుకున్న సోలాపూరే. 1942లో చైనాలోనే చనిపోయాడు.

1949 ఫిబ్రవరిలో అమెరికా సైన్యం ఆమెని రష్యా గూఢచారి అని రిపోర్టు విడుదల చేసింది. కోర్టుకి లాగుతానంటే రోజుల్లోనే వెనక్కి తీసుకుంది. మచ్చ మాత్రం పోలేదు, రాసింది అచ్చు వేసేవాళ్లు లేరు. 1950 మేలో ఇంగ్లండులో, కడుపు ఆపరేషన్ తర్వాత పోయింది. చితాభస్మం బీజింగ్‌లో ఉంది, సమాధి రాయి మీది అక్షరాలు జూ దే రాసినవి. అయితే 2005లో ఆమె జీవిత చరిత్ర రాసిన రూత్ ప్రైస్, ఆమె నిర్దోషి అన్న నమ్మకంతోనే పని మొదలుపెట్టి, పాత కాగితాలు చూశాక ఆమె నిజంగానే రహస్యంగా మాస్కోకి సాయం చేసిందని తేల్చింది. అది తెలిసిన రోజు నాకు మనసేం బాగాలేదు. పుస్తకం తీసి అటక మీద పెట్టాను. వారం తర్వాత మళ్లీ దింపాను.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను, కరెంటు పోయేలా ఉంది. గెరిల్లాల దగ్గర షెన్ అని ఒక అనాథ పిల్లాడు ఉండేవాడు. ఈమెకి నీళ్లు తేవడం, జబ్బు చేస్తే చూసుకోవడం వాడే. వాణ్ని కొడుకుగా పెంచుకుంటానని సైన్యాన్ని అడిగింది. వాళ్లు వాడినే అడగమన్నారు. వాడేమో యుద్ధం గెలిచాక అయితే సరే, అంతదాకా సైన్యంలోనే ఉంటానన్నాడు. ఆమె సరేనంది. నేనైతే అనేదాన్ని కాదు, చెవి పట్టుకుని ఇంటికి లాక్కొచ్చేదాన్ని. నిన్నగాక మొన్న నీ విషయంలో అదే చేయబోయాను.

ఆ సంఘంలో ఉండాలో మానాలో నువ్వే చూసుకో. నువ్వు రాసిన ఆ కరపత్రం మాత్రం ఒకటి పంపు. మీ నాన్న కూడా చదువుతానన్నాడు. వచ్చేటప్పుడు డబ్బా మర్చిపోకు, పోయినసారి రెండు అక్కడే వదిలేశావు.

అమ్మ