వృద్ధుల ఇళ్లు ఊరి మధ్యనే కట్టాలి

సంపాదకులకు,

అయ్యా,

మా పట్టణంలో వయోవృద్ధుల కోసం నివాస సముదాయం కట్టాలన్న ప్రతిపాదన వచ్చే పురపాలక సంఘ సమావేశంలో చర్చకు రానుంది. ఇందుకు మొదట అనుకున్నది పాత బస్టాండు వెనుక, పెచ్చులూడి వాడకం మానేసిన మున్సిపల్ క్వార్టర్ల స్థలం. ఇప్పుడు కొందరు సభ్యులు దాన్ని షాపింగ్ కాంప్లెక్సుకు ఉంచి, వృద్ధుల ఇళ్లను 5 కిలోమీటర్ల అవతల బైపాస్ పక్కకు మార్చాలంటున్నారు. ప్రతిపాదనను మనసారా సమర్థిస్తూనే, ఈ మార్పుకు మాత్రం ఒప్పుకోవద్దని కౌన్సిల్‌ను కోరుతున్నాను.

నాకు 71 ఏళ్లు. మేమిద్దరం లిఫ్టు లేని ఇంట్లో రెండో అంతస్తులో అద్దెకుంటున్నాం. మోకాళ్లు అరిగిన నా భార్య గోడకు అరచేయి ఆనించి, పక్కకు తిరిగి, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టుకుంటూ దిగుతుంది. మలుపులో ఆమె చేయి ఆనే చోట సున్నం నల్లబడి మరక కట్టింది. కింది వాటా కోసం ఏడాదిగా తిరుగుతున్నాం. ‘పిల్లలు దగ్గర లేరంటున్నారు, రేపు ఏదైనా జరిగితే మాకెందుకొచ్చిన గొడవ’ అని ముఖం మీదే చెప్పినవాళ్లున్నారు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం (2007) ప్రతి జిల్లాలో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడే ఆశ్రమం గురించి చెబుతోంది, అదీ జరగవలసిందే. కానీ మా వంటివారికి కావలసింది ఆశ్రమం కాదు, మా వంట మేము చేసుకుంటూ, అద్దె కట్టుకుంటూ ఉండగలిగే ఇల్లు.

ఆ ఇల్లు ఎక్కడ ఉంటుందన్నదే అసలు విషయం. పాత బస్టాండు దగ్గరైతే ప్రభుత్వాసుపత్రికి, రైతు బజారుకు, పింఛను తీసుకునే బ్యాంకుకు మెల్లగా నడిచి వెళ్లి రావచ్చు. బైపాస్ దగ్గరైతే బీపీ మాత్రలు అయిపోయినా ఆటో పిలవాలి. ఏపీఎస్‌ఆర్టీసీ 60 ఏళ్లు నిండినవారికి టికెట్టులో 25 శాతం రాయితీ ఇస్తోంది, బస్సే ఆగని చోట ఆ రాయితీతో పనేముంది? పురపాలక సంఘానికి దుకాణాల అద్దెలు అవసరమేనని నాకూ తెలుసు. అయితే దుకాణానికి వచ్చేవారికి బండి ఉంటుంది, బైపాస్ వారికి దూరం కాదు.

అంబులెన్సుల రాకపోకలు పెరుగుతాయని, ఇళ్ల విలువ పడిపోతుందని చుట్టుపక్కల వీధులవారు వినతిపత్రం ఇచ్చారని తెలిసి చాలా బాధపడ్డాను. వారిలో నా దగ్గర చదువుకున్నవారు కూడా ఉన్నారు. ఆ వీధుల్లో ఇప్పుడు మాత్రం ముసలివారు లేరా? పార్కు స్థలంలో కడదామన్న మూడో మాట అసలు తలపెట్టకూడదు. పార్కుకు కేటాయించిన స్థలాన్ని ఆసుపత్రికి ఇవ్వడం చెల్లదని బెంగళూరు కేసులో సుప్రీంకోర్టు 1991లోనే తీర్పు చెప్పింది.

ఇలా వృద్ధులుండే ఇళ్ల (రిటైర్మెంట్ హోమ్‌ల) నిర్మాణానికి కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ 2019లో నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిలో చెప్పిన జారని నేల, స్నానాల గదిలో పట్టుకునే కడ్డీ, చక్రాల కుర్చీ వెళ్లే వాలు దారి, లిఫ్టు వంటివి ‘వీలునుబట్టి’ అని వదిలేయకుండా తీర్మానంలోనే చేర్చాలి. అద్దె ఎంతకు మించరాదో, ఇళ్లు ఎవరికి ఏ వరుసలో కేటాయిస్తారో కూడా అందులోనే రాయాలి. లేకుంటే అవి పలుకుబడి ఉన్నవారి చేతికే పోతాయి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు