గుర్రుమన్నందుకు కుక్కను కొట్టకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న మీ పేపర్లో పెంపుడు కుక్క పక్కింటి పిల్లాణ్ని కరిచిన వార్త చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. హైదరాబాద్‌లో పదకొండేళ్లుగా కుక్కలకు ట్రైనింగ్ ఇస్తున్నాను, అందులోనూ నా దగ్గరికి మనుషుల మీదికొచ్చే కుక్కలే ఎక్కువ వస్తాయి. "ఇంతకుముందు ఎవరినీ ఏమీ అనలేదు" అని దాని ఓనర్ చెప్పినట్టు రాశారు. ఈ మాట నేను వారానికి రెండుసార్లయినా వింటాను.

మూడేళ్ల కింద ఒకరింటికి వెళ్తే హాల్లో రాట్‌వైలర్ జాతి కుక్క ఉంది. "రండి రండి, ఏమీ అనదు" అన్నారు ఆ ఇంటాయన. రెండడుగులు వేశాను. అది మొరగలేదు, గుర్రుమనలేదు. అప్పటిదాకా ఊపుతున్న తోక ఆగింది, తెరిచిన నోరు మూసుకుంది, కంటి చివర తెల్లగుడ్డు కనపడింది. అప్పుడే వెనక్కి తగ్గాల్సింది, కానీ ఆయన కూర్చోమంటే అటు తిరిగాను. ముంజేతిలో నాలుగు పళ్లు దిగాయి. పనమ్మాయిని, ఇంట్లో పెద్దాయన్ని అంతకుముందే కరిచిందని తర్వాత తెలిసింది. చిన్నప్పుడు గుర్రుమన్నప్పుడల్లా చెప్పుతో కొట్టి మాన్పించారట.

నా బాధంతా అక్కడే. దగ్గరికి రావద్దని కుక్క తనకు తెలిసిన భాషలో చెప్పడమే గుర్రుమనడం. కొడితే దాని భయం పోదు, చెప్పడం మానేస్తుంది, ఇక నేరుగా కరుస్తుంది. రీల్స్ చూసి ఈ పనిలోకి దిగుతున్న కొందరు కుర్రాళ్లు కుక్కను నేలకేసి అదిమిపట్టి "లొంగిపోయింది" అంటుంటే చూడలేకపోతున్నాను. అది భయంతో బిగుసుకుపోవడం తమ్ముళ్లూ, మీరు డబ్బులు తీసుకుని వెళ్లిపోయాక ఆ ఇంటి పిల్లలు దాని పక్కనే తిరగాలి కదా.

ఇప్పుడు నేను ఎవరిని, ఎన్నిసార్లు కరిచింది, చర్మం తెగిందా అని ఫోన్లోనే అడుగుతాను. నిజం చెబితే రానేమోనని దాస్తారు గానీ, నిజం చెప్పినవాళ్లింటికే నేను ధైర్యంగా వెళ్లేది. నేను గుమ్మం దాటకముందే కుక్కకు రెండు తాళ్లుండాలి, ఒకటి గోడ కొక్కేనికి, ఒకటి ఓనర్ చేతిలో. మొదటిరోజు ముట్టుకోను, కళ్లలోకి చూడను, పక్కకు తిరిగి కూర్చుని చికెన్ ముక్కలు విసురుతుంటాను, అంతే. తర్వాత చిక్కం. గుంటక తోలేటప్పుడు పైరు మేయకుండా ఎద్దు మూతికి కడతామే, అలాంటిదే కుక్కలకు బుట్టలా దొరుకుతుంది. నోరు తెరిచి రొప్పడానికీ నీళ్లు తాగడానికీ వీలుండాలి. మూతిని బిగించేసే గుడ్డ పట్టీలు మన ఎండల్లో కట్టి వదిలేయొద్దు, కుక్క ఒళ్లు చల్లబడేది ముఖ్యంగా రొప్పడం వల్లే. చిక్కం లోపల కాస్త పెరుగు రాసి పట్టుకుంటే అదే మూతి దూరుస్తుంది, కొన్నాళ్లు అలా అలవాటయ్యాకే బకిల్ పెట్టాలి.

ఈ పని చేసేవాళ్లు కరవకముందే రేబిస్ టీకా వేయించుకోండి. మొదటి డోసు వేసిన రోజును 0 అనుకుంటే 0, 7, ఆ తర్వాత 21 లేదా 28వ రోజు, మూడు డోసులే. అవి వేయించుకున్నా సరే, కరిస్తే 15 నిమిషాలు ధారగా పడే నీళ్లతో, సబ్బుతో కడిగి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. కారం, సున్నం పెట్టడం ఇంకా చూస్తున్నాను, దయచేసి ఆపండి.

జాతి గొడవ కూడా ఉంది. 2024 మార్చిలో కేంద్రం రాట్‌వైలర్ సహా 23 జాతుల అమ్మకం ఆపమని రాష్ట్రాలకు లేఖ రాస్తే, ఏప్రిల్‌లోనే కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. నన్ను కరిచిన వాటిలో ఆ జాబితాలో లేనివీ ఉన్నాయి. అందుకే మీకో విన్నపం. ఇలాంటి వార్త రాసేటప్పుడు జాతి పేరొక్కటే కాకుండా, ఆ కుక్క అంతకుముందు ఎవరినైనా కరిచిందా, రోజంతా కట్టేసి ఉంచేవారా, గుర్రుమంటే కొట్టేవారా అని కూడా మీ విలేకరులను అడగమనండి.

ఇట్లు,
ఒక డాగ్ ట్రైనర్, హైదరాబాద్