‘రుచికి తగినంత’ అని వదిలేయకండి, పంచదార గ్రాముల్లో రాయండి

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లో సోడా డ్రింకులు చేసుకోవడం గురించి వంటల పేజీల్లో ఏది వచ్చినా నేను వదలకుండా చదువుతాను, వీలైతే చేసి చూస్తాను కూడా. వాటిలో నాకు మింగుడుపడని మాట ఒక్కటే, ‘రుచికి తగినంత పంచదార’. కూరలో ఉప్పుకైతే ఆ మాట సరిపోతుంది, ఎక్కువైతే నోటికి వెంటనే తెలిసిపోతుంది కాబట్టి. చల్లటి సోడాలో పంచదార ఎంత పడిందో నోటికి తెలియదు. చల్లదనం తీపిని తగ్గించి చూపిస్తుంది, మిగిలిన తీపిని గ్యాస్ చురుకు, నిమ్మరసం పులుపు కప్పేస్తాయి. అదే గ్లాసు ఓ రెండు గంటలు బయట పెట్టి, గ్యాస్ పోయి చల్లదనం తగ్గాక తాగి చూడండి, రెండో గుటక దిగదు.

మా ఇంట్లో జరిగిందే చెప్తాను. పిల్లల చేత కొన్న కూల్‌డ్రింకులు మాన్పించాలని అల్లం సిరప్ చేసి ఫ్రిజ్‌లో పెట్టాను, ఇంట్లో చేసిందే కదా అని ఎవరికి కావలసినంత వాళ్లు సోడాలో పోసుకునేవాళ్లు, నేనూ ఏమీ అనేదాన్ని కాదు. ఒకరోజు ఎందుకో అనుమానం వచ్చి, వంటింట్లో తూకం మీద గ్లాసు పెట్టి, రోజూ ఎంత పోసుకుంటావో అంతే పోసుకో అని మా చిన్నమ్మాయితో అన్నాను. 60 గ్రాములు చూపించింది. పంచదార, నీళ్లు సమానంగా తూచి చేసిన సిరప్ కాబట్టి అందులో సగం, అంటే దాదాపు 30 గ్రాములు, పంచదారే. మామూలు కోలా 330 మిల్లీలీటర్ల డబ్బాలో ఉండేది సుమారు 35 గ్రాములు. మా గ్లాసు పట్టేది 250 మిల్లీలీటర్లే. అంటే నేను ఏది మాన్పించాలనుకున్నానో దానికన్నా తియ్యటిది నా చేత్తోనే చేసి పెడుతున్నాను. ఆరోజు నాకు నిజంగా చాలా బాధేసింది.

ఇలా విడిగా కలిపే చక్కెరలు రోజు మొత్తం కేలరీల్లో 10 శాతం దాటకూడదని, 5 శాతం లోపే ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. రోజుకి 2000 కేలరీలు తీసుకునే పెద్దవాళ్లకి 5 శాతం అంటే 25 గ్రాములు. తేనె, పళ్లరసాల్లో ఉండే చక్కెర కూడా ఈ లెక్కలోకే వస్తుంది, కాబట్టి పంచదార మానేసి తేనె పోశాం అనుకుంటే తప్పించుకున్నట్టు కాదు.

అప్పటినుంచి నా పద్ధతి మార్చాను. 200 గ్రాముల పంచదార, 200 మిల్లీలీటర్ల నీళ్లు అలాగే ఉంచి, అల్లం మాత్రం 50 గ్రాముల నుంచి 100 గ్రాములకి పెంచాను. అల్లం సన్నగా చక్రాల్లా తరిగి, పంచదార కరిగాక వేసి, మూతపెట్టి సన్నటి సెగ మీద పది నిమిషాలు ఉంచితే చాలు. మూత లేకుండా మరిగిస్తే నీళ్లు ఇగిరిపోయి సిరప్ చిక్కబడుతుంది, తీగపాకం దాకా పోయిందంటే ఇక ఆ సగం లెక్క పనికిరాదు. పొయ్యి ఆపాక నిమ్మతొక్క పైపైన పచ్చటి పొర మాత్రమే చెక్కి వేడి సిరప్‌లో వేస్తాను, కింది తెల్లభాగం పడితే చేదు. అరగంట ఆగి వడకడితే ఆ తొక్కలోని నూనె వాసన మొత్తం సిరప్‌కి పట్టి ఉంటుంది, మూత తియ్యగానే తెలుస్తుంది. నిమ్మరసం ఇందులో కలపను, తాగేటప్పుడు గ్లాసులోనే పిండుకుంటాం, అప్పుడే ఆ తాజాదనం ఉంటుంది. ఘాటు, వాసన ఇంత గట్టిగా ఉన్నాయి కాబట్టి ఇప్పుడు గ్లాసుకి 20 గ్రాములు సరిపోతోంది, అంటే పంచదార 10 గ్రాములే. మొదటి వారం పిల్లలు చప్పగా ఉందన్నారు, తర్వాత అడగడం మానేశారు.

ఇంకో సంగతి, సోడా ఎంత చల్లగా ఉంటే గ్యాస్ అంత నిలుస్తుంది. సున్నా డిగ్రీల దగ్గర నీళ్లు పట్టుకోగలిగిన గ్యాస్‌లో 20 డిగ్రీల దగ్గర సుమారు సగమే పట్టుకుంటాయి. అందుకే సిరప్, సోడా రెండూ చల్లగా ఉండాలి, సిరప్ గ్లాసు అడుగున పోసి పైనుంచి సోడా మెల్లగా ఒంపాలి, చెంచాతో ఒక్కసారి కదిపితే చాలు. సోడా మెషీన్ ఉన్నవాళ్లు అందులో మామూలు నీళ్లు తప్ప ఏదీ పోయకండి, సిరప్ కలిపిన నీళ్లకి గ్యాస్ ఎక్కిస్తే నురగ పొంగి బయటికి చిమ్ముతుంది.

అన్నిటికన్నా ముఖ్యంగా రాయాల్సింది పులియబెట్టి చేసే సోడా గురించి. 1767లో జోసెఫ్ ప్రీస్ట్లీ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త బీరు పులిసే తొట్టి పైన తేలే గ్యాస్‌నే నీళ్లలో కలిపి మొదట సోడా నీళ్లు చేశాడు, అల్లం పులిసినప్పుడు వచ్చేదీ ఆ గ్యాసే. కానీ ఆ తొట్టికి మూత లేదు. మనం గాజు సీసాలో పోసి బిగించేస్తాం. నేను అలాగే చేసి అలమరలో పెట్టి మూడోరోజు మర్చిపోయాను. అర్ధరాత్రి పెద్ద చప్పుడు. వెళ్లి చూస్తే గాజు ముక్కలు అలమర తలుపు చెక్కలో దిగబడి ఉన్నాయి. ఆ టైమ్‌లో తలుపు తీసి ఎవరైనా నిలబడి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతాయి. పులియబెట్టాలనుకునేవాళ్లు ప్లాస్టిక్ సోడా సీసానే వాడాలి, రోజూ నొక్కి చూడాలి, రాయిలా గట్టిపడగానే ఫ్రిజ్‌లో పెట్టి, రెండు మూడు రోజుల్లో తాగేయాలి. అందులో కొద్దిగా ఆల్కహాల్ కూడా తయారవుతుంది, పిల్లలకి ఇచ్చేవాళ్లకి ఆ సంగతి ముందే తెలియాలి. సీసా ఏదో రాయకుండా ‘గట్టిగా మూతపెట్టి మూడు రోజులు ఉంచండి’ అని ఎవరూ అచ్చువేయకూడదు.

నేను అడిగేది పెద్ద మార్పేమీ కాదు. ఇలాంటి డ్రింకు వేసినప్పుడల్లా చివర్లో రెండు లైన్లు చేర్చండి. గ్లాసుకి ఎన్ని గ్రాముల సిరప్, అందులో పంచదార ఎంత అన్నది ఒకటి. ఏ సీసాలో పోసి ఎన్ని రోజులు ఉంచుకోవచ్చన్నది రెండోది. పైన చెప్పిన సిరప్ వేడినీళ్లతో కడిగిన సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే మా ఇంట్లో మూడు వారాలు ఉంటోంది, మసకబారినా, మూత తీస్తే పులిసిన వాసన వచ్చినా పారబోస్తాను.

ఇట్లు,
మీ పాఠకురాలు