తెల్ల మట్టి సంగతి

ఒరేయ్ రాజూ,

నీ ఉత్తరం వచ్చి నెలన్నర దాటింది. ఈపాటికి తిట్టుకుంటూనే ఉండి ఉంటావు, క్షమించరా. ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, పెద్దాడి పరీక్షలు అయిపోయాయి, గేటు దగ్గర వంతెన ఇంకా కడుతూనే ఉన్నారు. మిగతావి కలిసినప్పుడు.

స్పిరిట్ గుర్తుందిగా? 2004 జనవరిలో అంగారకుడి మీద గూసెవ్ బిలంలో దిగిన నాసా బండి, నువ్వు ‘మూడు నెలల కూలీ’ అని పేరు పెట్టావే, అది. 90 రోజులు పనిచేస్తే చాలని పంపితే ఆరేళ్ల పైన పనిచేసింది. దాని కుడి ముందు చక్రం సంగతి నీకు చెప్పేదాకా నాకు నిద్ర పట్టేలా లేదు.

ఆరు చక్రాలకూ ఆరు మోటార్లు. దిగిన ఏడాదే, జూలై నాటికి, ఆ ఒక్క మోటారూ మిగతావాటికంటే రెండు మూడు రెట్లు కరెంటు లాగడం మొదలెట్టింది. లోపల గ్రీజు సమంగా పాకడం లేదేమోనని వేడి చేశారు, చక్రాన్ని అటూ ఇటూ తిప్పారు. తర్వాత బండినే వెనక్కి తిప్పి, ఆ మోటారును అవసరమైన చోట మాత్రమే వాడుతూ నడిపారు. అలా ఏడాదిన్నర పైగా లాక్కొచ్చారు. 2006 మార్చిలో అది పూర్తిగా ఆగిపోయింది.

వెనక్కే ఎందుకంటావా? తిరగని చక్రాన్ని ముందు పెట్టుకుని తోస్తే ఇసుకలో దిగబడుతుంది. వెనకాల ఈడ్చుకుంటే కనీసం జారుతూ వస్తుంది. ధాన్యం బస్తాను తోసి చూడు, లాగి చూడు, నీకే తెలుస్తుంది. అయినా ఆ పక్కకు గుంజుతూనే ఉంటుంది, ఆ తేడా ముందే లెక్కేసి ఆదేశాలు రాయాలి. రిమోట్ పట్టుకుని నడుపుతారా అని పోయినసారి అడిగావు కదా, కుదరదురా. మాట అక్కడికి చేరడానికే దూరాన్నిబట్టి 4 నుంచి 20 నిమిషాల పైన పడుతుంది. అందుకని ఆ రోజు పనంతా ముందే రాసి పంపి, ఫొటోలు వచ్చాక ఏం జరిగిందో చూసుకోవాలి.

పైగా చలికాలం ముంచుకొస్తోంది. అక్కడ సూర్యుడు ఉత్తరం వైపు వాలిపోతాడు, సోలార్ పలకలు అటు వంగి ఉంటేనే బ్యాటరీ నిండేది. మెక్‌కూల్ కొండ ఎక్కుదామనుకున్నారు, అయిదు చక్రాలతో ఆ ఇసుక వాలు ఎక్కలేకపోయింది. దగ్గర్లోనే ఒక చిన్న గట్టు మీద సుమారు 11 డిగ్రీల వాలు దొరికితే అక్కడ నిలబెట్టి చలికాలం దాటించారు. ఆ 11 డిగ్రీలే దాని ప్రాణం కాపాడాయి.

ఇప్పుడు విను. ఆ మొండి చక్రం వెళ్లినచోటల్లా నాగలి కర్రులా చాలు తీసుకుంటూ పోయిందిరా! 2007లో హోమ్ ప్లేట్ అనే రాతి తిన్నె దగ్గర ఆ చాలులో తెల్లటి మట్టి బయటపడింది. చుట్టూ ఎర్రటి దుమ్ము, మధ్యలో సున్నం చల్లినట్టు ఒక చార. బండిని దగ్గరకు తెచ్చి, చేతి చివర ఉన్న ఎక్స్‌రే పరికరాన్ని ఆనించి కొలిస్తే 90 శాతం సిలికా, అదే ఇసుకలోనూ గాజులోనూ ఉండే పదార్థం! అంత స్వచ్ఛంగా సిలికా పోగుపడాలంటే వేడినీళ్లో, ఆమ్లపు ఆవిరో ఉండి తీరాలి. అంటే ఒకప్పుడు అక్కడ... నాకు రాస్తుంటేనే ఒళ్లు జలదరిస్తోంది. తర్వాత 2016లో రఫ్, ఫార్మర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చిలీలోని ఎల్ టాటియో వేడినీటి బుగ్గల దగ్గరి సిలికాతో దీన్ని పోల్చారు. చిన్న చిన్న వేళ్లలా పొడుచుకొచ్చిన ఆకారాలు రెండుచోట్లా ఉన్నాయి. ఎల్ టాటియోలో అవి ఏర్పడటంలో సూక్ష్మజీవుల చెయ్యి ఉంది. అంగారకుడి మీద కూడా అంతేనని ఎవరూ తేల్చలేదు, కానీ ఆ ప్రశ్న అడిగే హక్కు మనకు వచ్చింది కదరా. ఆ చక్రం మామూలుగా దొర్లి ఉంటే ఆ చాలు పడేదా... సరే.

చివరిది రాయాలంటే చెయ్యి ఆడటం లేదు. 2009లో హోమ్ ప్లేట్ పడమటి అంచున వెళ్తుంటే పైన గట్టిగా కనబడిన పెచ్చు విరిగి చక్రాలు కింది మెత్తటి మట్టిలో కూరుకుపోయాయి. కాలిఫోర్నియాలోని నాసా వాళ్ల జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో అలాంటి మెత్తటి మట్టి కలిపి, గుంట చేసి, నమూనా బండిని అందులో దించి నెలల తరబడి ప్రయోగాలు చేశారు. నవంబరులో కదిలిస్తే, చక్రాలు మీటర్ల కొద్దీ తిరిగినా బండి ముందుకు జరిగింది 12 మిల్లీమీటర్లు, కిందికి దిగింది 4. ఆ తర్వాత కుడి వెనక చక్రం కూడా పోయింది. ఈసారి వాలు దక్షిణం వైపు, ఎండకు పెడగా. 2010 మార్చి 22న వచ్చిన మాటే ఆఖరిది. 2011 మే దాకా పిలుస్తూనే ఉన్నారు.

దాని జోడీ ఆపర్చునిటీ 45 కిలోమీటర్లు నడిచింది, ఆ కథ ఇంకో ఉత్తరంలో. దాని భుజం కీలు మోటారు ఒకటి మొరాయించిందిరా, అది కూడా నీకు తెగ... అయ్యో, పోస్టుమాన్ డబ్బా తాళం తీస్తున్నాడు. వదినకు నమస్కారాలు చెప్పు.

నీ
శీను