ఆ వార్త వేస్తే ఏడు పేర్లూ వేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

రెండేళ్ల కిందట నాకు థైరాయిడ్ క్యాన్సర్ ఆపరేషన్ అయింది. మెడ మీద కుట్ల గీత ఇంకా పోలేదు. రోజూ పరగడుపున మాత్ర వేసుకుని అరగంట ఆగితే గానీ కాఫీ తాగడానికి లేదు. మద్యం మాత్రం జన్మలో ముట్టలేదు.

మొన్న ఆదివారం మా తమ్ముడు గాజువాక నుంచి వచ్చి ఫోన్ నా ముందు పెట్టాడు. మందు తాగేవాళ్లకు థైరాయిడ్ క్యాన్సర్ తక్కువని ఎవరో పంపిన మెసేజ్. "చూశావా అక్కా, తాగని నీకే వచ్చింది" అన్నాడు. మానమని ఏళ్లుగా పోరుతున్న మా మరదలు ఇంకేం మాట్లాడలేదు, లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

నన్ను చూసే డాక్టరమ్మను అడిగాను. మెసేజ్ పూర్తిగా అబద్ధం కాదన్నారు. అమెరికాలో లక్షలమందిని ఏళ్ల తరబడి గమనిస్తే, తాగేవాళ్లలో ఈ ఒక్క క్యాన్సర్ కాస్త తక్కువగా కనిపించిందట. అది మందు వల్లేనని మాత్రం తేలలేదు. అసలిది మగవాళ్ల కన్నా ఆడవాళ్లకు దాదాపు మూడు రెట్లు ఎక్కువగా వచ్చే జబ్బు. మా తమ్ముడికి రాకపోతే అది సీసా పుణ్యమేం కాదు.

అగనంపూడి క్యాన్సర్ ఆసుపత్రిలో ఒకసారి నా పక్కన ఒకాయన కూర్చున్నాడు. స్వరపేటిక తీసేశారు. మెడ దగ్గర రంధ్రానికి తడి గుడ్డ అడ్డంగా కట్టారు. చేతిలో పిల్లల పలక. దాని మీద 'నీళ్లు' అని రాసి భార్యకు చూపించాడు. ముప్పై ఏళ్లు మందు, సిగరెట్టు రెండూ నడిచాయని ఆవిడే చెప్పింది. ఆ రెండూ కలిస్తే గొంతుకు ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

మద్యం క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధన విభాగం 1988లోనే తేల్చింది. ఇంత వరకైతే ఫరవాలేదు అనే మోతాదే లేదని ఆ సంస్థ 2023 జనవరిలో చెప్పింది. నోరు, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, ఆడవాళ్లకు రొమ్ము. ఈ ఏడు చోట్లా మందు వల్ల ముప్పు పెరుగుతుంది. తమ్ముడి ఫోన్‌లో మెసేజ్ కింది దాకా చూశాను, వీటిలో ఒక్క పేరూ లేదు.

థైరాయిడ్ సంగతి మీరు వేయొద్దని నేను అనను. వేసిన రోజున ఈ ఏడు పేర్లూ అదే వార్తలో, అంతే పెద్ద అక్షరాల్లో వేయండి. మా తమ్ముడు మీ పేపర్ చదవకుండా డ్యూటీకి వెళ్లడు.

– ఒక పాఠకురాలు, కంచరపాలెం, విశాఖపట్నం